నూజివీడు ఎస్టేటు కాగితాలు: రీలులోనా, ఫైలులోనా?

ఫిల్ము పక్షం: పుటను పది పన్నెండు రెట్లు తగ్గించి నలుపు తెలుపు ఫిల్ము మీద వరుసగా తీసిన ఫొటో నకలే మైక్రోఫిల్ము. 35 మిల్లీమీటర్ల వెడల్పు, సుమారు 30 మీటర్ల పొడవు ఉండే ఒక రీలులో ఆరేడు వందల ఫ్రేములు పడతాయి. అడుగున పాలియెస్టర్ పట్టీ, దాని మీద జెలటిన్ పూత, ఆ పూతలో వెండి రేణువులు ఉంటాయి. అక్షరం ఆ వెండిలోనే నిలుస్తుంది. చదవడానికి వెలుతురూ భూతద్దమూ చాలు. 1839లోనే జాన్ బెంజమిన్ డాన్సర్ ఇలాంటి సూక్ష్మచిత్రాలు తీశాడు. 1870-71లో పారిస్ ముట్టడిలో ఉన్నప్పుడు రెనే డాగ్రాన్ ఉత్తరాలను ఇలాగే చిన్నవి చేస్తే పావురాలు నగరంలోకి మోసుకొచ్చాయి. ఇరవయ్యో శతాబ్దంలో బ్యాంకులు చెక్కులకూ, గ్రంథాలయాలు పత్రికలకూ ఈ పద్ధతి వాడాయి. సరిగా కడిగి, సరిగా దాచిన పాలియెస్టర్ వెండి ఫిల్ముకు అంతర్జాతీయ ప్రమాణం కట్టిన ఆయుర్దాయం 500 ఏళ్ళు.

నూజివీడు ప్రాంతానికి అంత ఆయువున్న నకలు ఎందుకన్నది సబబైన ప్రశ్నే. ఇది జమీందారీ నేల. మేకా వారి ఏలుబడిలోని పెద్ద జమీందారీ వారసుల మధ్య ఉయ్యూరు, మీర్జాపురం వంటి ఎస్టేట్లుగా చీలింది. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో అవి రైతువారీలోకి వచ్చాయి. అప్పుడు గ్రామగ్రామానికీ తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగలు, అదే ఎస్.ఎఫ్.ఎ., ఇవాళ్టికీ తోట హద్దు తగాదాల్లో, ఇనాం భూమి తగాదాల్లో అందరూ మొదట అడిగే కాగితం. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాక పాత కవిలెలు కొన్ని తాలూకా కచేరీలకు చేరాయి, కొన్ని ఇళ్ళలోనే ఉండిపోయాయి. రసాల మామిడి చెట్టు మూడు తరాలకు కాస్తుంది. దాని కింది నేల ఎవరిదో చెప్పే కాగితం అంతకంటే ఎక్కువ కాలం ఉండాలి.

డిజిటల్ పక్షం: 500 అనేది షరతులతో కూడిన అంకె. పాలియెస్టర్ ఫిల్ము పుట్టి వందేళ్ళయినా కాలేదు. వేడీ తేమా పెంచి, త్వరగా ముసలిదయ్యేలా చేసి చూసిన పరీక్షల నుంచి లాగిన లెక్క అది. ఆ లెక్క నిజం కావాలంటే గది వేడి 21 డిగ్రీలు మించకూడదు, గాలిలో తేమ 50 శాతం దాటకూడదు, రెండూ రోజుకో తీరుగా ఊగిసలాడకూడదు. నూజివీడులో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. జూన్ చివర వానలు పట్టాక గోడలే చెమర్చుతాయి. తేమ 60, 65 శాతం దాటి అలాగే నిలిస్తే జెలటిన్ మీద బూజు పడుతుంది. జెలటిన్ పశువుల ఎముకల నుంచీ చర్మాల నుంచీ తీసే పదార్థం, బూజుకు మంచి ఆహారం. బూజు తిన్నచోట అక్షరమే పోతుంది, తుడిస్తే జెలటినే ఊడి వస్తుంది. రాత్రింబవళ్ళు ఏసీ నడిచే గది కావాలి, కరెంటు పోతే జనరేటరు కావాలి, అదీ శతాబ్దాల పాటు. వెలుతురూ భూతద్దమూ చాలన్న మాట చదివేవారి సంగతి. దాచేవారి ఖర్చు అందులో లేదు.

ఫిల్ము పక్షం: షరతులున్నమాట నిజం. అయితే దాచే గది కంటే ముందు కడిగే తొట్టి గురించి మాట్లాడాలి. ఫిల్ము బతుకు సగం అక్కడే తేలిపోతుంది. ఫొటో స్టూడియోలున్న ప్రతి ఊళ్ళోనూ డెవలప్ చేయించడాన్ని జనం ‘ఫిల్ము కడిగించడం’ అన్నారు. ఆ మాటలో పని అసలు కీలకం ఉంది.

కెమెరాలో వెలుగు తగిలిన చోట వెండి లవణంలో కంటికి కనబడని మార్పు వస్తుంది. హైడ్రోక్వినోన్ వంటి పదార్థాలున్న డెవలపర్ ఆ మార్పు వచ్చిన రేణువులను నల్లని లోహపు వెండిగా మారుస్తుంది. వేడి ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా, ద్రావణం పాతబడినా నలుపు సాంద్రత మారుతుంది. అందుకే ప్రతి రీలు మొదట్లో ఒక పరీక్షా ఫ్రేము తీసి డెన్సిటోమీటరుతో కొలుస్తారు. మామూలు అచ్చు పుటకు నెగెటివ్ వెనుక నలుపు 1కి అటూ ఇటూ ఉండాలి. వెలిసిపోయిన సిరాకు అంతకు కొంచెం తగ్గిస్తారు, లేకపోతే సన్నని గీతలు పూడిపోతాయి. ఆ తరువాతిది ఫిక్సర్, స్టూడియో వాళ్ళ భాషలో హైపో. వెలుగు తగలని వెండి లవణాన్ని అది కరిగించి తీసేస్తుంది. వాడి వాడి నీరసించిన హైపోలో ఫిల్మును ముంచితే లవణం పూర్తిగా కరగదు, ఆ మిగులు కొన్నేళ్ళకు పసుపు గోధుమ మరకై తేలుతుంది.

తరువాతి కడుగు అన్నిటికంటే ముఖ్యం. హైపో పని అయిపోయాక ఆ హైపోనే ఫిల్ముకు శత్రువు. జెలటిన్‌లో చిక్కుకున్న థయోసల్ఫేటు కాలక్రమంలో విరిగి గంధకాన్ని వదులుతుంది. గంధకం వెండితో కలిసి వెండి సల్ఫైడు అవుతుంది, నల్లని అక్షరం పాలిపోయి గోధుమ రంగుకు తిరుగుతుంది. దీర్ఘకాల భద్రతకు మిగులు థయోసల్ఫేటు చదరపు మీటరుకు 0.014 గ్రాములు మించకూడదని ప్రమాణం చెబుతుంది. మిథిలీన్ బ్లూ పరీక్షతో దాన్ని కొలుస్తారు. పాలియెస్టర్ నీటినీ మందునూ పీల్చుకోదు కాబట్టి కడగవలసింది పైనున్న పలుచని జెలటిన్ పొర ఒక్కటే. ధారగా పారే శుభ్రమైన నీరు, తగిన సమయం ఉంటే చాలు. ఈ పని శ్రద్ధగా చేసినచోట ఫిల్ము నిలిచింది. నీటికీ నిమిషాలకీ పిసినారితనం చూపినచోట పోయింది. ఆ నష్టానికి నింద పడవలసింది మనిషి మీద.

డిజిటల్ పక్షం: మనిషి మీద నింద వేసినంత మాత్రాన పోయిన పుట తిరిగి రాదు. చేసినవారి తప్పు పాతికేళ్ళ తరువాత బయటపడటమే ఈ పద్ధతిలో పెద్ద ప్రమాదం. పైగా పాలియెస్టర్ రాకముందు దశాబ్దాల పాటు సేఫ్టీ ఫిల్ము అంటే అసిటేటే. అప్పటి రీళ్ళు అన్ని దేశాల గ్రంథాలయాల్లోనూ ఉన్నాయి. అసిటేట్ తేమకూ వేడికీ విరిగి వినెగర్ ఆవిరి వదులుతుంది, పట్టీ ముడుచుకుంటుంది, జెలటిన్ పొర లేచిపోతుంది. ఆ ఆవిరి ఆమ్లం విరగడాన్ని ఇంకా తొందరపెడుతుంది, పక్క రీళ్ళకూ సోకుతుంది. వరిగడ్డిలో కాయలు మాగవేసే రైతుకు ఇది వివరించనక్కర్లేదు. ఒక పండు ముందుగా మాగితే చుట్టూ ఉన్నవన్నీ దాని ఆవిరికే మాగుతాయి. పండుకు అది మేలు, ఫిల్ముకు చావు.

బాగా కడిగిన పాలియెస్టర్ వెండి ఫిల్ముకూ మరో రోగముంది. 1960ల మొదట్లో అమెరికాలో చక్కగా కడిగిన రీళ్ళ మీద కూడా ఎర్రని, పసుపు చుక్కలు కనబడ్డాయి. నాసిరకం అట్టపెట్టెల నుంచి, పెయింట్ల నుంచి, వాహనాల పొగ నుంచి వచ్చే ఆక్సీకరణ వాయువులు వెండిని కరిగించి పక్కకు జరిపి చుక్కలుగా పేరుస్తాయి. సీజనులో నూజివీడు మామిడి యార్డు దగ్గర బారులు తీరే లారీల పొగ అలాంటిదే.

ఫిల్ము పక్షం: అసిటేట్ విషయంలో వాదించడానికేమీ లేదు. అసిటేట్ రీలు ఎక్కడున్నా దాన్ని పాలియెస్టర్ మీదికి తిరగతీయాలి, ఆలస్యం చేయకూడదు. ఈ ప్రాంతానికి ఫిల్ము పోకడ తెలియనిదీ కాదు. మీర్జాపురం రాజా సినిమా నిర్మాతే, 1949 నాటి కీలుగుఱ్ఱం ఆయన తీసినదే. తెలుగు టాకీల తొలి దశలో నైట్రేటు మీద తీసిన ఎన్నో చిత్రాలకు ఇవాళ ఒక్క ప్రింటూ మిగల్లేదు. ఏ పట్టీ మీద అచ్చయిందన్నది ఎంత ముఖ్యమో తెలుగువారికి అంతకంటే పెద్ద పాఠం అక్కర్లేదు.

ఎర్రచుక్కలకు మాత్రం మందు దొరికింది. రోచెస్టర్‌లోని ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు కడిగిన ఫిల్మును పాలీసల్ఫైడు ద్రావణంలో ముంచి వెండిని ముందే సల్ఫైడుగా మార్చే పద్ధతిని తీర్చిదిద్దారు. హైపో మిగిలితే ఎక్కడ పడితే అక్కడ అక్షరాన్ని తినే గంధకమే, కొలతగా సమంగా పట్టిస్తే వెండికి కవచమవుతుంది. ఆమ్లం లేని పెట్టె, ప్లాస్టిక్ రీలు వాడి, రబ్బరు బ్యాండు వేయకుండా ఉంటే మిగిలిన ప్రమాదం తగ్గుతుంది.

తేమ విషయానికొస్తే, అది ఆవకాయ జాడీ నియమమే. ముక్కలు తడి లేకుండా తుడవాలి, జాడీ ఎండబెట్టాలి, మూత బిగించాలి, తడి గరిటె పెట్టకూడదు. ఏడాది పొడవునా ఉక్కపోసే కోస్తాలోనే ఆవకాయ నిలవ ఉంటోంది. ఫిల్మునూ పొడిగాలిలో ఆరనిచ్చి గాలి చొరని డబ్బాలో మూసి ఉంచవచ్చు. జర్మనీలో ఫ్రైబర్గ్ దగ్గరి బార్బరాస్టోలెన్ అనే పాత గని సొరంగంలో 1975 నుంచి ఆ దేశపు దస్తావేజుల ఫిల్మును స్టీలు పీపాల్లో మూసి పెడుతున్నారు. కొండ లోపల సహజంగా ఉండే చల్లదనమే ఆ గదికి ఏసీ.

డిజిటల్ పక్షం: జాడీ పోలిక బాగుంది గానీ ఆవకాయ ఏడాదికి సరిపోతే చాలు, మరుసటి వేసవిలో కొత్తది పెట్టుకుంటారు. అసలు అభ్యంతరం వేరే ఉంది. జాడీలో దాచింది వడ్డించకపోతే దాచి ఏం లాభం? చాట్రాయిలోనో ముసునూరులోనో ఉన్న రైతు ఎస్.ఎఫ్.ఎ. నకలు కోసం కచేరీకి వెళ్ళాలి, రీలు ఉన్న ఊరు తెలుసుకోవాలి, రీడరు యంత్రం పనిచేస్తుండాలి, సరైన ఫ్రేము దొరికేదాకా చక్రం తిప్పాలి. అదే పుట స్కాన్ చేసి సర్వే నంబరుతో సూచిక పెడితే ఫోనులో ఒక్క నిమిషం పని.

నకలు నాణ్యతా అంతే ముఖ్యం. ఫిల్ముకు మూడు తరాలుంటాయి: కెమెరా నుంచి వచ్చిన మాతృ నెగెటివ్, దాని నుంచి తీసిన నకలు నెగెటివ్, దాని నుంచి పాఠకులకిచ్చే పాజిటివ్. తరం తరానికీ వివరం కొంత తగ్గుతుంది. నూజివీడు నర్సరీల్లో అంటు కట్టడం అందరూ చూసే పనే. తల్లి చెట్టు కొమ్మ తెచ్చి కట్టిన అంటుకు తల్లి రసమే వస్తుంది, టెంక నాటితే ఏ చెట్టవుతుందో చెప్పలేం. డిజిటల్ నకలు అంటు మొక్క, వెయ్యోదీ మొదటిదే. ఈ ఊరికి ఆ పనితో దగ్గర సంబంధమూ ఉంది. 2008లో నూజివీడులో ట్రిపుల్ ఐటీ తెరిచిన రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయానికి తొలి కులపతి రాజ్ రెడ్డి. పది లక్షల పుస్తకాల స్కానింగ్ ప్రాజెక్టుకు సారథి ఆయనే. దాని భారతీయ శాఖ అయిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వల్ల ఎన్నో తెలుగు పుస్తకాలు మొదటిసారి ఇంట్లో కూర్చుని చదివే వీలు కలిగింది. ప్రెస్ అకాడమీ పాత ఆంధ్రపత్రిక సంచికలను ఇంటర్నెట్‌లో పెట్టడంతో పరిశోధకులకు ఏళ్ళ ప్రయాణం తప్పింది.

ఫిల్ము పక్షం: ఆ సేవకు తెలుగు పాఠకులంతా రుణపడే ఉన్నారు. అయితే దాని తరువాతి కథనూ చెప్పాలి. 2010ల రెండో సగంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు మూతపడింది. అందులోని తెలుగు పుస్తకాలు చాలావరకు ఇవాళ దొరుకుతున్నాయంటే, ఎవరో ముందే వాటిని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించినందువల్ల. స్కానులో పుటలు తప్పిన పుస్తకాలు, పేరు పోల్చుకోలేనంతగా తప్పు అక్షరాలతో నమోదైన పుస్తకాలు అందులో తక్కువేం లేవు. అంటు కట్టిన మొక్కకూ ఏటా నీళ్ళు పోసే చెయ్యి కావాలి. ఆ చెయ్యి ఆగితే డిజిటల్ నకలు రెండు మూడేళ్ళలో కనబడకుండా పోతుంది. ఫిల్మును అంతకాలం ఎవరూ పట్టించుకోకపోయినా అది పెట్టెలో అలాగే ఉంటుంది.

వరద సంగతీ ఉంది. 2000 ఆగస్టులో హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి వరద నీరు వచ్చి, అక్కడి ఉర్దూ పరిశోధన కేంద్రపు పుస్తకాలూ పత్రికలూ తడిసిపోయాయి. నూజివీడుకు దగ్గరగా 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీళ్ళలో మునిగింది. నీళ్ళలో నానిన హార్డ్ డిస్కు తెరుచుకుంటుందన్న భరోసా లేదు. నానిన వెండి ఫిల్మును మాత్రం ఆరిపోనివ్వకుండా, శుభ్రమైన చల్లని నీటిలోనే ముంచి ల్యాబుకు చేర్చి, తిరిగి కడిగి ఆరబెడితే అక్షరం దక్కుతుంది. నీళ్ళలోనే పుట్టి నీళ్ళలోనే కడిగిన వస్తువది.

డిజిటల్ పక్షం: ఒక్క డిస్కు, ఒక్క గది అనుకుంటే ఆ వాదం నిలుస్తుంది. నేర్చినవారెవరూ ఒక్కచోట పెట్టరు. కనీసం మూడు నకళ్ళు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే ఊళ్ళో అన్నది పనిలో ఉన్నవాళ్ళ నియమం. బుడమేరు పొంగిన రోజు కర్నూలులోని నకలుకు తడి తగలదు. ఫైలు చెడిందీ లేనిదీ తెలుసుకోవడానికి హ్యాష్ విలువ ఉంది. ఫైలులో ఒక్క బిట్టు మారినా ఆ విలువ మారిపోతుంది, ఆ మార్పును యంత్రమే పట్టుకుంటుంది. ఫిల్ములో బూజు మొదలైందన్న సంగతి మనిషి రీలు విప్పి చూస్తేనే తెలుస్తుంది.

అయినా ఒకటి ఒప్పుకోవాలి. టేపులూ డ్రైవులూ తరం మారినప్పుడల్లా పాతవి చదివే శక్తి తగ్గుతుంది. ఎల్‌టీఓ టేపులో ఎనిమిదో తరం డ్రైవు ఒక్క తరం వెనక్కి మాత్రమే చదువుతుంది. పదేళ్ళకోసారి అంతా కొత్త మాధ్యమం మీదికి తరలించాలి. ఆ పదో ఏట బడ్జెట్ రాకపోతే పైన చెప్పిన నియమాలన్నీ కాగితం మీదే ఉంటాయి. ఈ భయం ఊహ కాదు.

ఫిల్ము పక్షం: ఆ ఒప్పుకోలుకు బదులుగా ఫిల్ము వైపు నుంచీ ఒకటి. మైక్రోఫిల్ము పేరు చెప్పి అసలు కాగితాన్ని పారేసిన పాపం ఈ రంగానిదే. అమెరికాలో గ్రంథాలయాలు పత్రికల సంపుటాలను ఫిల్ముకెక్కించాక అసళ్ళను వదిలించుకున్న తీరును నికల్సన్ బేకర్ 2001లో డబుల్ ఫోల్డ్ అనే పుస్తకంలో నిలదీశాడు. ఫ్రేములు తప్పిన రీళ్ళు, ఫోకస్ తప్పిన రీళ్ళు ఉన్నాయి, సరిచూసుకుందామంటే అసలు లేదు. నలుపు తెలుపు ఫిల్ములో రంగు పోతుంది. సర్వే పటంలో ఎర్ర సిరాతో గీసిన హద్దూ, నల్ల సిరాతో గీసిన కాలవా ఒకేలా కనబడతాయి. తోటల పటాలకు ఇది చిన్న లోపం కాదు.

తెలుగుకు ఇంకో చిక్కుంది, దాని మీద చర్చ తక్కువ. ఫిల్ము ఎంత స్పష్టంగా ఉండాలన్న లెక్కను పడమటి దేశాల్లో చిన్న ఇంగ్లీషు ‘ఇ’ అక్షరం ఎత్తును బట్టి కట్టారు. ఆ అక్షరం ఎత్తు మిల్లీమీటరు ఉండి, అసలు పుట కొలతలో మిల్లీమీటరుకు ఎనిమిది జతల గీతలు విడివిడిగా కనబడితే నాణ్యతా సూచి 8, అంటే ఉత్తమం. 5 మధ్యరకం, 3.6 అంచున ఉన్నట్టు. తెలుగు పుటలో అతిచిన్నది అక్షరం కాదు, దాని కింది ఒత్తు, ఆ ఒత్తు లోపలి చుక్క. ‘అర్థం’కూ ‘అర్ధం’కూ తేడా ఒత్తు నడుమ చుక్క ఒక్కటే. పంపకాల దస్తావేజులో ఆ చుక్క మసకబారితే సగం వాటా అన్న మాట మీదే సందేహం వస్తుంది. ఒత్తు ఎత్తు అక్షరంలో సగమనుకుంటే, ఇంగ్లీషు లెక్కలో 8 వచ్చిన ఫ్రేము ఒత్తు దగ్గర 4కు పడిపోతుంది. కాబట్టి తెలుగు రికార్డుకు తగ్గింపు నిష్పత్తి తక్కువ పెట్టాలి, పుటకో ఫ్రేము తీయాలి, రీళ్ళు ఎక్కువైనా ఒప్పుకోవాలి.

డిజిటల్ పక్షం: ఆ లెక్క స్కానుకూ అంతే వర్తిస్తుంది. ఇంగ్లీషు అచ్చుకు సరిపోయిన రిజల్యూషనే తెలుగు కవిలెకూ చాలనుకుని పని కానిచ్చినచోట ఒత్తులు పూడిపోయాయి. ఫైలు చిన్నదిగా ఉండాలని ఎక్కువగా కుదించినా అదే నష్టం. రంగులో, తగిన రిజల్యూషనుతో, కుదించకుండా టిఫ్ ఫైలుగా భద్రపరచి, చూసుకోవడానికి వేరే చిన్న నకలు ఇవ్వడం సరైన పద్ధతి. రంగు విషయంలో మాత్రం స్కానుదే పైచేయి.

కోర్టు సంగతీ తేల్చుకోవాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా పెట్టేటప్పుడు ధ్రువపత్రం ఇవ్వాలి, ఆ పత్రం నమూనాలో హ్యాష్ విలువ రాయాలి. తోట తగాదాలో ఫైలు మారలేదని చూపించడానికి అది గట్టి ఆధారం.

ఫిల్ము పక్షం: చట్టం ఫిల్మునూ మరచిపోలేదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ‘ఎలక్ట్రానిక్ రికార్డు’కిచ్చిన నిర్వచనంలోనే మైక్రోఫిల్మూ, కంప్యూటరు నుంచి తీసిన మైక్రోఫిషూ ఉన్నాయి. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టంలో ప్రభుత్వ రికార్డు నిర్వచనంలో మైక్రోఫిల్ము పేరు ఉంది. చట్టం దృష్టిలో రీలూ ఫైలూ ఒకే ఇంటివి.

డిజిటల్ పక్షం: చట్టంలో చోటుంది, బజారులో లేదు. ఫిల్ము చేసే కంపెనీలు తగ్గాయి. కెమెరాలకూ ప్రాసెసర్లకూ విడిభాగాలు దొరకడం కష్టం. ఒత్తు చుక్కకు ఫోకస్ పట్టగల చేతులు, మిథిలీన్ బ్లూ పరీక్ష తెలిసిన చేతులు రిటైరవుతున్నాయి. చెన్నైలోని రోజా ముత్తయ్య గ్రంథాలయం వంటి కొన్నిచోట్ల ఆ నైపుణ్యం పెరిగింది గానీ, మండలానికో ల్యాబు పెట్టే రోజు రాదు. స్కానరు ఇవాళ ప్రతి మండల కచేరీలోనూ పెట్టవచ్చు. పుటలు పొడిపొడిగా రాలుతున్న కవిలె, ఫిల్ము ల్యాబు వచ్చేదాకా ఆగదు. ముందుగా స్కాన్ చేయాలి. డబ్బు మొదట దానికే పోవాలి.

ఫిల్ము పక్షం: ముందుగా స్కాన్ చేయడానికి అభ్యంతరం లేదు, అక్కడితో ఆగిపోవడానికే అభ్యంతరం. స్కాన్ చేసిన పుటలను ఆర్కైవ్ రైటరుతో తిరిగి ఫిల్ము మీదికి అచ్చు వేయవచ్చు. 1990లలోనే కార్నెల్ విశ్వవిద్యాలయం ఆ దారిలో, యేల్ విశ్వవిద్యాలయం ఫిల్ము నుంచి స్కానుకు వచ్చే దారిలో ప్రయోగాలు చేశాయి. 2017 నుంచి నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లోని పాత గనిలో డిజిటల్ సమాచారాన్నే ఫిల్ము మీద రాసి దాస్తున్నారు. అన్ని కాగితాలకూ ఫిల్ము అక్కర్లేదు. ఎస్.ఎఫ్.ఎ.లు, పంపకాల దస్తావేజులు, ఇనాం విచారణ తీర్పులు, ఒకే ఒక్క ప్రతి మిగిలిన పత్రికలు అనే నాలుగు రకాలకు చాలు. ఆ మేరకు ఒక్క మంచి ల్యాబు రాష్ట్రమంతటికీ సరిపోతుంది.

డిజిటల్ పక్షం: ఆ నాలుగు రకాలనూ ఎంచేది ఎవరన్నదే మిగిలిన తగువు. ఇవాళ పనికిరాదనిపించిన తోట కౌలు పుస్తకం రేపు ఏ రకం రసాలు ఎప్పుడు వేశారో చెప్పే ఒకే ఒక్క ఆధారం కావచ్చు. ఎంపిక అన్నప్పుడల్లా ఏదో ఒకటి బయట మిగిలిపోతుంది. స్కాను చవక కాబట్టి ఎంపిక లేకుండా అంతా తీయగలదు. ఫిల్ము ఖరీదు కాబట్టి ఎంపిక చేయక తప్పదు. అసలు కాగితాన్ని మాత్రం ఏ నకలు తీశాకైనా పారేయకూడదన్న దగ్గర తేడా లేదు.

ఫిల్ము పక్షం: తేడా లేదు. ఎంపికకు భయపడి అంతా ఒక్క మాధ్యమం మీదే ఉంచడం మాత్రం ఒప్పుకోదగ్గది కాదు. ఇక పని మొదలుపెట్టేవారికి రెండు గడువులున్నాయి. హ్యాష్ విలువ స్కాన్ చేసిన రోజునే రాసి పెట్టాలి, తరువాత రాసింది అంతకుముందు జరిగిన మార్పును చూపించదు. కడిగిన రీలుకు మిథిలీన్ బ్లూ పరీక్ష రెండు వారాల లోపే జరగాలి. ఆ గడువు దాటితే మిగిలిన థయోసల్ఫేటు విరిగిపోయి, అంకె ఉన్నదానికంటే తక్కువ వస్తుంది.